శాతం చెప్పని బాగోగులు

తెలుగునాట వికలాంగులున్న ఇంట్లో సదరం అన్న మాట తెలియనివాళ్లు ఉండరు. శిబిరానికి వెళ్లాలి, డాక్టరు చూడాలి, కాగితం మీద ఒక శాతం పడాలి. నలభై వస్తే పింఛనుకు, రిజర్వేషనుకు దారి తెరుచుకుంటుంది. ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోతే ఖాళీ చేతులతో ఇంటికి రావాలి. సరిహద్దు దాటి బెంగళూరు వెళ్లినా అంతే, అక్కడ వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ మీద అదే అంకె. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క రకాల వైకల్యాలను గుర్తించి, చాలా ప్రయోజనాలకు నలభై శాతాన్ని గీతగా పెట్టింది.

ఆ అంకె అబద్ధం కాదు. కీలు ఎంతవరకు వంగుతోందో, కన్ను పటం మీద ఏ వరుస దాకా చదివిందో, చెవికి ఎంత గట్టి శబ్దం కావాలో కొలిచాకే అది వస్తుంది. అయితే కార్డు మీద డెబ్బై శాతం ఉన్న ఇద్దరిని తీసుకోండి. ఒకరికి మెట్రో స్టేషను పక్కనే ఇల్లు, నెల జీతం, ఆదివారం సినిమాకు పిలిచే స్నేహితులు ఉన్నారు. రెండోవారిది లిఫ్టు లేని మూడో అంతస్తు. ఎవరో ఒకరు ఎత్తుకుని దించితే తప్ప వీధి చూసే వీల్లేదు. ఇద్దరి కార్డూ ఒకటే, బతుకు ఒకటి కాదు. వైకల్యాన్ని కొలవడం, వైకల్యం ఉన్న మనిషి ఎంత బాగా బతుకుతున్నారో కొలవడం రెండు వేరు వేరు పనులు. మొదటి పని డాక్టరు చేయగలరు. రెండోదానికి ఆ మనిషినే అడగాలి, వాళ్ల చుట్టూ ఉన్న ఊరినీ చూడాలి. ఇది తేలికగా కనిపిస్తుంది కానీ గత యాభై ఏళ్లలో శాస్త్రవేత్తలు ఎక్కువగా తడబడింది ఈ రెండో పనిలోనే.

పక్కవాళ్ల అంచనా ఎంత తప్పుతుందో ముందు చూద్దాం. వెన్నుపాము తెగి కాళ్లూ చేతులూ చచ్చుబడిన స్థితిలో ఉంటే, బతికి ఉన్నందుకు సంతోషిస్తారా అని అమెరికాలో అత్యవసర వైద్య సిబ్బందిని అడిగారు. సంతోషిస్తామని ఊహించుకున్నవాళ్లు వందకు 18 మంది. నిజంగా ఆ గాయంతో బతుకుతున్నవాళ్లను ఇదే అడిగితే వందకు 92 మంది అవునన్నారు. 1994లో అచ్చయిన ఫలితం ఇది. 2021లో లీసా ఇయెజోని బృందం 714 మంది అమెరికన్ డాక్టర్లను ప్రశ్నించింది. తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్ల జీవన నాణ్యత మిగతావాళ్లకంటే తక్కువేనని 82.4 శాతం మంది చెప్పారు. వెంటిలేటరు పెట్టాలా వద్దా, ఆపరేషను చేయాలా వద్దా అన్న నిర్ణయం తీసుకునేవాళ్లు వీళ్లే, కనుక ఈ తప్పు అంచనా కాగితం మీద ఆగిపోదు.

ఎందుకింత తేడా? కాళ్లు పోతే ఎలా ఉంటుందో ఊహించుకోమంటే మనకు పోయిన రోజే కనిపిస్తుంది. ఆ తరవాతి వెయ్యో రోజు కనిపించదు. ఆ రోజున కూడా కాఫీ ఉంటుంది, పిల్లల చదువు గురించి దిగులుంటుంది, క్రికెట్ స్కోరు ఉంటుంది. కాళ్ల సంగతి రోజంతా తలచుకుంటూ ఎవరూ కూర్చోరు. తీవ్రమైన, నిరంతరమైన వైకల్యం ఉన్నవాళ్లలో సగానికి పైగా, 54.3 శాతం మంది, తమ జీవన నాణ్యత బాగుందనో చాలా బాగుందనో చెప్పినట్టు 1999లో గ్యారీ ఆల్‌బ్రెక్ట్, ప్యాట్రిక్ డెవ్లీగర్ ప్రచురించారు. దాన్ని వాళ్లు వైకల్య వైరుధ్యం అన్నారు. నా ఉద్దేశంలో అందులో వైరుధ్యమేమీ లేదు, బయటివాళ్ల అంచనా తప్పు కావడం ఉంది, అంతే.

అలాగని రెండో కొసకు పరుగెత్తినా తప్పే. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, వాళ్లకేం, సర్దుకుపోయి ఉంటారు అన్న మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. దానికి శాస్త్రం ముద్ర వేసినట్టుగా 1978 నాటి ఒక అధ్యయనాన్ని చూపిస్తారు. ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం లాటరీ గెలిచిన 22 మందినీ, ప్రమాదాల్లో కాళ్లు గానీ, కాళ్లూ చేతులూ గానీ చచ్చుబడిన 29 మందినీ, మామూలు మనుషులు కొందరినీ పోల్చింది. లాటరీ విజేతలూ ప్రమాద బాధితులూ చివరికి ఒకేలా సంతోషంగా ఉన్నారని తేలినట్టు ఈ కథ లోకమంతా తిరిగింది. అచ్చయిన అంకెలు అలా చెప్పవు. అయిదింటికి లాటరీ విజేతల సంతోషం 4.00, మామూలువాళ్లది 3.82, ప్రమాద బాధితులది 2.96. లోకం ఊహించుకున్నంత పాతాళంలో లేరు నిజమే, కానీ మిగతావాళ్లతో సమానంగానూ లేరు. అదే మనుషులను ఏటేటా అడుగుతూ పోయిన జర్మనీ, బ్రిటన్ సర్వేలను రిచర్డ్ లూకస్ 2007లో విశ్లేషించారు. వైకల్యం వచ్చాక జీవితం మీద తృప్తి పడిపోయిందని, సగటున మళ్లీ పాత స్థాయికి రాలేదని ఆయన చూపించారు. చాలామంది బాగానే ఉన్నామంటారు, అయినా సగటులో లోటు మిగులుతుంది. రెండూ నిజాలే. ఆ మిగిలిన లోటు ఎక్కడినుంచి వస్తోందన్నదే అసలు ప్రశ్న. నొప్పి నుంచా, పోయిన ఉద్యోగం నుంచా, గడప దాటనివ్వని మెట్ల నుంచా?

మనిషిని అడిగితే చాలదని మొదట గట్టిగా చెప్పినవాడు అమర్త్య సేన్. ఆయన ఎత్తిచూపిన ఉదాహరణ బెంగాల్ కరవు మరుసటి ఏడాది, 1944లో కలకత్తా దగ్గర సింగూరులో జరిగిన సర్వే. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది తమ ఆరోగ్యం బాగాలేదనో అంతంతమాత్రమేననో చెప్పుకున్నారు. భర్త పోయిన ఆడవాళ్లలో అలా చెప్పుకున్నవాళ్లు 2.5 శాతమే. ఆనాటి బెంగాలీ వితంతువు బతుకు ఎలా ఉండేదో తెలిసినవాళ్లెవరూ ఆ అంకెను నమ్మలేరు. తనకంటూ ఏదైనా కోరుకునే హక్కు ఉందని ఎన్నడూ అనుకోనివ్వని మనిషి, ఏ లోటూ లేదనే చెబుతుంది. మన ఇళ్లలో పుట్టుకతో చూపులేని అమ్మాయి పెళ్లి గురించీ ఉద్యోగం గురించీ ఏమీ అడగకపోతే, అది తృప్తి అని రాసుకునే ప్రశ్నావళి ఆమెకు అన్యాయం చేస్తుంది.

అలాగని బయటివాళ్ల లెక్కను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి డాక్టర్ల అంచనాకంటే పెద్ద ఉదాహరణ ఉంది. ప్రపంచ వ్యాధి భారం అంచనాలో ప్రతి స్థితికీ ఒక బరువు కడతారు. సున్నా అంటే సంపూర్ణ ఆరోగ్యం, ఒకటి అంటే మరణంతో సమానం. 1996లో క్రిస్టఫర్ మరీ, ఆలన్ లోపెజ్ ప్రచురించిన తొలి లెక్కలో, ఆరోగ్య నిపుణులు కూర్చుని తేల్చిన ప్రకారం, అంధత్వం బరువు 0.600. అంటే చూపులేని ఏడాది సగానికి పైగా మరణం కిందే జమ. 2012లో వచ్చిన కొత్త లెక్కకు బంగ్లాదేశ్, ఇండోనేషియా, పెరూ, టాంజానియా, అమెరికాల్లో సామాన్య జనాన్నీ, ఇంటర్నెట్‌లో మరికొందరినీ అడిగారు. అదే అంధత్వం 0.195కు దిగింది. ఆ రెండు లెక్కల మధ్యకాలంలో చూపులేనివాళ్ల బతుకులు మూడు రెట్లు మెరుగుపడలేదు. మారింది అడిగిన తీరు, జవాబిచ్చినవాళ్లు. కంటి వైద్యం మీద డబ్బు ఎంత పెట్టాలన్న వాదనల్లో ఈ బరువులే ఆధారం కనుక, కంటి వైద్య పరిశోధకులు కొత్త అంకె మీద చాలా అభ్యంతరం చెప్పారు. రెండు లెక్కల్లోనూ చూపులేని మనుషుల సొంత అనుభవమే కొలబద్ద కాలేదన్నది నా అభ్యంతరం.

బెంగళూరు ఈ కథలోకి 1990ల చివర వస్తుంది. వైకల్యాన్ని వర్గీకరించే పాత పద్ధతిని మార్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుకున్నప్పుడు, ఒక దేశంలో తయారైన ప్రశ్న మరో దేశంలో పనికొస్తుందా అని ముందు పరీక్షించింది. ఆ పరిశీలన జరిగిన మన నగరాల్లో చెన్నై, ఢిల్లీలతో పాటు బెంగళూరు కూడా ఉంది. పధ్నాలుగు దేశాల్లో ఆరోగ్య కార్యకర్తలు, వికలాంగులు, వాళ్ల సంరక్షకులతో సహా కొందరికి పదిహేడు స్థితులు ఇచ్చి, ఏది మనిషిని ఎక్కువ కట్టిపడేస్తుందో వరసగా పేర్చమన్నారు. కాళ్లూ చేతులూ పడిపోవడం వంటి తీవ్రమైన వాటి విషయంలో దేశాల మధ్య పెద్దగా పేచీ లేదు. మధ్యలో ఉన్న చాలా స్థితుల స్థానం మాత్రం ఊరిని బట్టి మారింది. సమాజం దేన్ని సహిస్తుందో, దేన్ని దాచిపెడుతుందో అన్నది బరువులో కలిసిపోతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆ కృషిలోంచి 2001లో కొత్త వర్గీకరణ వచ్చింది. దానికి అనుబంధంగా 2010లో హూడాస్ 2.0 అనే కొలమానం ప్రచురితమైంది. 36 ప్రశ్నలు, గడచిన ముప్పై రోజుల గురించి. అర్థం చేసుకోవడం, కదలడం, స్నానం, బట్టలు, నలుగురితో మెలగడం, ఇంటిపని, ఉద్యోగం, సమాజంలో పాలుపంచుకోవడం, అన్నీ అందులో ఉంటాయి. నాకు ముఖ్యంగా కనిపించేవి చివరి భాగంలోని రెండు ప్రశ్నలు. చుట్టూ ఉన్న లోకంలోని అడ్డంకుల వల్ల మీకు ఎంత ఇబ్బంది కలిగిందని ఒకటి అడుగుతుంది. ఇతరుల ధోరణి వల్ల, చేష్టల వల్ల గౌరవంగా బతకడం ఎంత కష్టమైందని రెండోది అడుగుతుంది. కీలు కొలిచే పరికరం ఏదీ అడగని ప్రశ్నలివి.

మనోవైద్యం కోసం బెంగళూరు నిమ్హాన్స్‌కు అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి మన వాళ్లు తరాలుగా వెళుతున్నారు. మనోవ్యాధి వల్ల కలిగే వైకల్యానికి కాలు, కన్ను లాగా కొలిచి చూపే ఆనవాలు లేదు. కనుక భారత మానసిక వైద్యుల సంఘం ఐడియాస్ అనే కొలమానాన్ని తయారు చేస్తే, 2002లో ప్రభుత్వం దాన్ని ధ్రువపత్రాలకు ప్రమాణంగా తీసుకుంది. తన పని తాను చేసుకోవడం, మనుషులతో సంబంధాలు, మాట్లాడటం అర్థం చేసుకోవడం, పని. ఈ నాలుగింటికీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నదానికి విడిగా మరికొన్ని. మొత్తం 20లో 7 వస్తే నలభై శాతం వైకల్యం కింద లెక్క. పని అన్నచోట జీతం తెచ్చే ఉద్యోగాన్నే కాక ఇల్లు నడిపే గృహిణి పనినీ, విద్యార్థి చదువునూ కూడా చూడటం ఈ కొలమానంలో మెచ్చుకోదగ్గ విషయం. మన దేశంలో కూర్చుని ఆలోచించినవాళ్లు చేసిన పని అది.

కానీ ఐడియాస్ కొలిచేది లోటునే. మందులు కుదిరి, నిద్ర కుదిరి, మనిషి కొంచెం కోలుకుంటే మార్కులు ఏడు కన్నా కిందకు దిగుతాయి. ధ్రువపత్రం చేజారే భయం అక్కడే మొదలవుతుంది. కోలుకున్నామని చెప్పుకోవడం నష్టమయ్యే చోట ఆ మనిషి బాగోగుల గురించి నిజమైన జవాబు రాబట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే పింఛను కోసం కొలిచే కాగితాన్నీ బాగోగులు అడిగే కాగితాన్నీ ఒకే రోజు, ఒకే బల్ల మీద, ఒకే అధికారి ముందు పెట్టకూడదంటాను.

ఆరోగ్యవంతుల కోసం రాసిన ప్రశ్నలు మరో చిక్కు. ప్రపంచమంతా వాడే ఎస్ఎఫ్-36 ప్రశ్నావళి మెట్లు ఎక్కగలరా, మైలు దూరం నడవగలరా అని అడుగుతుంది. పదేళ్లుగా చక్రాల కుర్చీలో హాయిగా ఆఫీసుకు వెళ్లివచ్చే మనిషికి అక్కడ అడుగు మార్కులే వస్తాయి. ఆ ప్రశ్నలు అడిగించుకోవడమే ఒక అవమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో ప్రశ్నావళి హూకోల్-బ్రెఫ్ ఇందులో నయం. దాన్ని రూపొందించిన పదిహేను కేంద్రాల్లో చెన్నై, ఢిల్లీ ఉన్నాయి. దానిలోని 26 ప్రశ్నల్లో ఎనిమిది పరిసరాల గురించే. భద్రత, డబ్బు, ఇల్లు, తీరిక, సమాచారం, ఆసుపత్రి అందుబాటు, రవాణా, చుట్టూ ఉన్న వాతావరణం. తరవాత వికలాంగుల కోసం ప్రత్యేకంగా అదనపు ప్రశ్నలు చేర్చారు. మీ బతుకు మీద పట్టు మీ చేతిలో ఉందా, నలుగురూ మిమ్మల్ని కలుపుకుంటున్నారా, మీ తరఫున మాట్లాడేవాళ్లు అవసరమవుతున్నారా, ముందు ముందు మంచి రోజులున్నాయనిపిస్తుందా. ఇవి రాయడానికి వికలాంగులను కూర్చోబెట్టి మాట్లాడించారు. ప్రశ్నల్లో ఆ తేడా తెలుస్తూనే ఉంది.

ఊరిని చూసి ప్రశ్న రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం హైదరాబాదు వెళ్లాలి. ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థలో విజయ గోత్వాల్, ఆమె సహచరులు చూపు తక్కువున్న పిల్లల కోసం పందొమ్మిది ప్రశ్నల కొలమానం చేసి 2003లో ప్రచురించారు. పడమటి దేశాల ప్రశ్నావళులు కారు నడపడం గురించి అడుగుతుంటే, వీళ్లు మన పిల్లవాడి రోజును పట్టుకున్నారు. మొదటి బెంచీలో కూర్చుంటే బోర్డు మీదిది రాసుకోగలుగుతున్నావా? బస్సు ఎక్కడికి పోతోందో చదవగలుగుతున్నావా? బ్రష్షు మీద పేస్టు వేసుకోవడం, కంచంలో అన్నం ఎటుందో చూసుకోవడం, సూదిలో దారం ఎక్కించడం, రూపాయి బిళ్లకూ రెండు రూపాయల బిళ్లకూ తేడా పట్టడం, ట్యూషన్ నుంచి రాత్రిపూట వీధి దీపాల కింద ఇంటికి రావడం. చివరి ప్రశ్న, చూపు బాగున్న నీ స్నేహితుడితో పోలిస్తే నీ చూపు ఎలా ఉందనుకుంటున్నావు? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుతో వెంటనే ఏదో ఒకటి చేయవచ్చు. బెంచీ మార్చవచ్చు, భూతద్దం ఇవ్వవచ్చు, వీధి దీపం వేయించవచ్చు. కొలమానం మంచిదా కాదా అని తేల్చుకోవడానికి నాకు ఇదే గుర్తు.

మళ్లీ బెంగళూరు వద్దాం. ఒకే ఆదాయం ఉన్నా, దాన్ని బతుకుగా మార్చుకోవడంలో వైకల్యం ఉన్నవాళ్లు వెనకబడతారని సేన్ వాదన. ఈ నగరంలో దానికి వివరణ అక్కర్లేదు. 2011 అక్టోబరు 20న మొదలైన నమ్మ మెట్రోలో లిఫ్టులున్నాయి, చూపులేనివాళ్లకు దారి చూపే గరుకు పలకలున్నాయి. స్టేషను దాటాక పేవ్‌మెంటు మీద ట్రాన్స్‌ఫార్మరు, ఆపి ఉంచిన బైకులు, ఎత్తు తేలిన రాళ్లు ఎదురవుతాయి. పక్కింటాయన బస్సులో వెళ్లే చోటికి చక్రాల కుర్చీ మనిషి ఆటో మాట్లాడుకోవాలి, పైగా తోడు మనిషిని తీసుకెళ్లాలి. జీతం ఒకటే, నెలాఖరుకు మిగిలేది ఒకటి కాదు. ఇదే లెక్కను బ్రిటన్‌కు కట్టిన వీబ్కే కుక్లిస్ పరిశోధనను సేన్ ఉదహరిస్తారు. వికలాంగులున్న కుటుంబాల్లో ఆదాయాన్ని బట్టి పేదలు 23.1 శాతం. వైకల్యం వల్ల అయ్యే అదనపు ఖర్చునూ కలిపి చూస్తే 47.4 శాతం. 1959 నుంచి పనిచేస్తున్న అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసెబిలిటీ, 1994లో మొదలైన మొబిలిటీ ఇండియా వంటి సంస్థలు బెంగళూరులో కృత్రిమ అవయవాలు, చక్రాల కుర్చీలు, చదువు, ఉపాధి అందిస్తూ వచ్చాయి. కుర్చీ ఇచ్చాక అది వెళ్లే దారి ఉండాలి కదా.

జవాబు చెప్పలేని మనుషుల మాటేమిటి? మేధో వైకల్యం ఉన్నవాళ్లను నేరుగా అడిగితే అవుననే జవాబు ఎక్కువ వస్తుందని అమెరికాలో కారల్ సీగల్‌మన్ బృందం 1981లో చూపింది. ఒకే ప్రశ్నను అటు తిప్పి, ఇటు తిప్పి అడిగినా రెండింటికీ అవుననే. ఎదుటివాళ్లకు నచ్చేది చెప్పడమే క్షేమమని జీవితమంతా నేర్చుకున్న ఫలితం అది. తల్లినో తండ్రినో అడిగితే సరిపోతుందనిపిస్తుంది. అన్నం తిన్నాడా, నడిచాడా అన్న కంటికి కనిపించే సంగతుల్లో వాళ్ల జవాబు చాలావరకు సరిగ్గానే ఉంటుంది. సంతోషంగా ఉన్నాడా అన్నచోట వాళ్ల దిగులే వాడి దిగులుగా నమోదవుతుంది. ఆస్ట్రేలియాలో రాబర్ట్ కమిన్స్ బృందం దీనికి ఓపికైన దారి వేసింది. ముందు చిన్నది, పెద్దది అన్న తేడా బొమ్మలతో పట్టగలుగుతున్నారో లేదో చూస్తారు, అది వచ్చాకే ముఖాల బొమ్మలు చూపి బతుకు గురించి అడుగుతారు. ఆ మెట్టు దాటలేనివాళ్ల తరఫున ఎవరినీ జవాబు చెప్పనివ్వరు. కొలతకు అందని మనిషి ఉన్నారని ఒప్పుకోవడం, దొంగ అంకె రాసుకోవడం కన్నా ఎంతో మేలు.

బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలోని మండ్య జిల్లాలో ఊళ్లలోనే వికలాంగులకు పునరావాసం కల్పించే కార్యక్రమం చాలా ఏళ్లు నడిచింది. అది పనిచేసిందా అని ఇటలీ, భారత పరిశోధకులు కలిసి రెండున్నర వేల మంది వికలాంగులను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. కార్యక్రమం ఉన్న ఊళ్లవాళ్లను, అది లేని ఊళ్లలో అలాంటి పరిస్థితుల్లోనే ఉన్నవాళ్లతో పోల్చారు. పింఛను, ఉపకరణాలు, జీతం వచ్చే పని, తన పని తాను చేసుకోగలగడం, అన్నింటా ఏళ్లు గడిచేకొద్దీ మెరుగుదల కనిపించింది. ఇంట్లో మీ మాట వింటారా, ఊళ్లో నలుగురితో కలిసి తిరుగుతున్నారా అన్నవి కూడా ఆ పరిశోధన లెక్కలోకి తెచ్చింది. వాటిలోనూ ముందడుగు ఉంది.

మండ్య ఊళ్లలో సాధ్యమైనది బెంగళూరు వార్డుల్లో ఎందుకు కాదు? ముందు ఎవరికి ఎంత కష్టముందో సరిగ్గా అడగాలి. 2011 జనాభా లెక్కలు ఇంటింటికీ వెళ్లి వైకల్యం ఉందా అని అడిగి దేశంలో 2.21 శాతమని తేల్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచ జనాభాలో 16 శాతం మందికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. వైకల్య గణాంకాల కోసం ఏర్పడిన వాషింగ్టన్ బృందం రాసిన ఆరు ప్రశ్నలు వైకల్యమన్న మాటే ఎత్తకుండా చూడటంలో, వినడంలో, నడవడంలో, గుర్తుంచుకోవడంలో, తన పని తాను చేసుకోవడంలో, మాట్లాడి అర్థం చేయించడంలో ఎంత కష్టముందని అడుగుతాయి. వార్డు సర్వేలో ఈ ఆరింటినీ, హూకోల్-బ్రెఫ్‌లో పరిసరాల గురించిన ఆ ఎనిమిదింటినీ కలిపి అందరినీ అడగాలి. కష్టం ఉన్నవాళ్ల మార్కులకూ లేనివాళ్ల మార్కులకూ మధ్య తేడా ఏ వార్డులో ఎక్కువ వస్తే, పేవ్‌మెంటు పని ముందు ఆ వార్డులో మొదలుపెట్టాలి. రెండేళ్ల తరవాత అవే ప్రశ్నలు మళ్లీ అడిగి, తేడా తగ్గిందో లేదో వార్డు ఆఫీసు గోడ మీద అందరికీ కనిపించేలా రాయాలి.